ఎవరి చేతుల మీద నీళ్లు పోశారు?

సంపాదకులు గారికి,

నమస్కారములు. నేను మహబూబాబాద్ జిల్లాలో, దోర్నకల్‌కు దగ్గరలోని ఒక పల్లెలో పుట్టి, ముప్పై మూడేళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా క్రైస్తవ సంఘంలో (చర్చిలో) పన్నెండేళ్లుగా పెద్దగా ఉంటున్నాను. మీ పత్రిక జిల్లా పేజీలో వచ్చే ఉజ్జీవ కూటాల ప్రకటనలను, మా బస్టాండు చుట్టూ కట్టే ఫ్లెక్సీలను ఆగి చదివే అలవాటు నాకు ఉంది. తెలుగు పంతుళ్లకు అక్షర దోషాలు వెతికే జబ్బు ఒకటి ఉంటుంది గనుక కాస్త శ్రద్ధగానే చదువుతాను. ఈ మధ్య అక్షర దోషాల కంటే బిరుదులే ఎక్కువగా కంటబడుతున్నాయి. ఒక ప్రకటనలో ఒకే వక్త పేరుకు ముందు డాక్టర్, బిషప్, అపొస్తలుడు, అంతర్జాతీయ ప్రసంగీకులు, అభిషిక్త దైవజనులు అన్న మాటలన్నీ వరసగా ఉన్నాయి. ఆ వరస చివర ఆయన పేరును వెతుక్కోవలసి వచ్చింది. అది ఎవరి ప్రకటనో చెప్పడం ఈ లేఖ ఉద్దేశం కాదు, అటువంటివి ఏ ఊరి కూడలిలోనైనా కనిపిస్తాయి. ఒక మనిషిని మందకు కాపరిగా నిలబెట్టే ముందు అతని గురించి మనం ఏమి అడగాలి, నిజానికి ఏమి అడుగుతున్నాం అన్న సందేహమే నా చేత ఈ లేఖ రాయిస్తున్నది.

బైబిలులో రాజుల రెండవ గ్రంథం మూడో అధ్యాయంలో ఒక చిన్న పరిచయం ఉంది. ఇశ్రాయేలు రాజు, యూదా రాజైన యెహోషాపాతు, ఎదోము రాజు ముగ్గురూ కలిసి మోయాబు మీదికి యుద్ధానికి బయలుదేరి, ఏడు రోజులు ఎడారి దారిలో తిరిగి, సైన్యానికీ పశువులకూ నీళ్లు లేక దిక్కుతోచని స్థితిలో పడతారు. దేవుని దగ్గర విచారించడానికి ఇక్కడ ప్రవక్త ఎవరైనా ఉన్నాడా అని యెహోషాపాతు అడిగినప్పుడు, ఇశ్రాయేలు రాజు సేవకుడొకడు షాపాతు కుమారుడైన ఎలీషా ఉన్నాడని చెబుతాడు. ఆ ఎలీషా ఎవరంటే, తన గురువైన ప్రవక్త ఏలీయా చేతుల మీద నీళ్లు పోస్తూ వచ్చినవాడని పరిచయం చేస్తాడు. అప్పటికే ఎలీషా యొర్దాను నదిని రెండు పాయలుగా చేసి దాటి వచ్చాడు, యెరికో పట్టణపు చెడ్డ నీటిని మంచి నీరుగా చేశాడు. ఈ కాలపు ప్రకటనకర్తల చేతిలో పడి ఉంటే ఆ రెండు అద్భుతాలూ ఫ్లెక్సీ నిండా ఉండేవి. ఆ సేవకుడికి మాత్రం వాటి అవసరం కనబడలేదు. అన్నానికి కూర్చునే ముందు చెంబుతో నీళ్లు పోసి పెద్దల చేతులు కడిగించడం మన ఇళ్లలో ఎవరి పనో వేరే చెప్పనక్కరలేదు, ఇంట్లో చిన్నపిల్లల పని అది. పన్నెండు అరకల ఎడ్లు పొలంలో నడుస్తుంటే పన్నెండో అరక వెంట తానే నడుస్తూ దున్నుతున్న భూస్వామి ఇంటి కొడుకు, ఆ ఎడ్లను వదిలి వచ్చి ఆ పని చేశాడు. ముగ్గురు రాజుల ముందు అతని యోగ్యతగా పలికినది అదే.

ఆధ్యాత్మిక సిద్ధపాటు అన్న మాటను మన సంఘాల్లో ఉపవాసానికీ, రాత్రి ప్రార్థనకూ, ఏదో కొండ మీదికి వెళ్లి కొన్నాళ్లు ఉండి రావడానికీ వాడుతుంటారు. అవి ఉండవలసినవే, కాదనను. అయితే ఉపవాసాన్ని ఒంటరిగా చేయవచ్చు. ఒకరి కింద పని నేర్చుకోవడం ఒంటరిగా సాధ్యమయ్యేది కాదు. మిద్యానులో మోషే నలభై ఏళ్లు మామ గొర్రెలను మేపాడనీ, దావీదు అభిషేకం పొందిన తరువాత కూడా గొర్రెల దగ్గరికే తిరిగి వెళ్లాడనీ, పౌలు అరేబియాకు వెళ్లి, దమస్కుకు తిరిగి వచ్చి, మూడేళ్లు గడిచిన తరువాతగాని యెరూషలేము మెట్టు ఎక్కలేదనీ ప్రతి పాస్టరు గారూ ప్రసంగాల్లో చెబుతూనే ఉంటారు, మేమూ తలలూపుతూనే ఉంటాం. మరుసటి వారం కమిటీలో కూర్చున్నప్పుడు మాత్రం ఆ ఏళ్ల లెక్క మాకు గుర్తుకు రాదు. కొత్తగా చేరినవాణ్ణి అధ్యక్షుడిగా, అంటే సంఘ నాయకుడిగా పెట్టవద్దని, పెడితే గర్వంతో కళ్లు మూసుకుపోయి పడిపోతాడని తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఉన్న హెచ్చరిక నియామకాల విషయంలో సూటిగా చెప్పిన నిబంధన. దానిని మేము అభ్యర్థుల అర్హతల పట్టికలో ఎప్పుడూ రాసుకోలేదు.

మా ప్రాంతం వాణ్ణి గనుక మా ప్రాంతపు సంగతే చెబుతాను. వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1874లో తమిళదేశంలో, తిరునల్వేలి ప్రాంతపు వెల్లాలన్‌విలై అనే పల్లెలో, ఒక పల్లె పాస్టరు ఇంట పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గాని పట్టా చేతికి రాలేదు. 1895 నుంచి 1909 వరకు, అంటే పధ్నాలుగేళ్లపాటు, వై.ఎం.సి.ఏ. (క్రైస్తవ యువకుల సంఘం) కార్యదర్శిగా ఊరూరా తిరిగి యువకుల మధ్య పనిచేశారు. తిరునల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, సొంత మనుషులతో సువార్త పని చేయాలని 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించినప్పుడు దాని వెనుక నిలిచినవారిలో ఆయన ముఖ్యులు. ఆ సొసైటీ ఎంచుకున్న క్షేత్రం అప్పటి నిజాం రాజ్యంలోని దోర్నకల్. ఇతరులను పంపి ఉత్తరాలు రాస్తూ కూర్చోవడం తన మనసుకు ఒప్పక, 1909లో పాస్టరుగా అభిషేకం పొంది తానే ఇక్కడికి వచ్చారు. అప్పటికి ఆయన వయసు 35. ఆ వయసులో, అయిదో తరగతి పిల్లవాడిలా పలక పట్టుకుని తెలుగు నేర్చుకున్నారు. మొదట్లో కుటుంబంతో డేరాల్లో ఉన్నారని, ఎడ్లబండి మీద పల్లెలు తిరిగారని మా పెద్దలు చెప్పేవారు.

మూడేళ్ల తరువాత, 1912 డిసెంబరు 29న, కలకత్తాలోని సెయింట్ పాల్స్ కతీడ్రల్‌లో ఆయనను దోర్నకల్ బిషప్‌గా ప్రతిష్ఠించారు. ఆంగ్లికన్ సంఘంలో (ఇంగ్లండు చర్చి శాఖలో) బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆ నియామకం సాఫీగా జరగలేదు. తెల్లవారు ఒక భారతీయుడి చేతి కింద ఎలా పనిచేస్తారని మిషనరీలలో కొందరు సణిగారు. ఆయన పుట్టిన కులాన్ని చూసి ముఖం చిట్లించిన భారతీయ క్రైస్తవులూ లేకపోలేదు. ఇక్కడ ఒక్క సంగతి గమనించాలి. 1910 జూన్‌లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, పాశ్చాత్య నాయకులు నిండిన సభలో నిలబడి, మీరు పేదల కోసం మీ ఆస్తులు ఇచ్చారు, మీ శరీరాలు ఇచ్చారు, మాకు ప్రేమ కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగినది ఈయనే. వినయమంటే తలవంచుకుని ఊరుకోవడమని అనుకునేవారు ఆ ప్రసంగాన్ని గుర్తు చేసుకోవాలి. పెద్దల ముందు ఆ మాట అనగలిగిన మనిషే తిరిగి వచ్చి దోర్నకల్ పల్లెల్లో మాల మాదిగ పేటల్లో చాప మీద కూర్చున్నాడు. పైవారి ముందు గొంతు తగ్గించి కిందివారి ముందు గొంతు పెంచేవాడిని వినయశీలి అని పొరబడడం మనకు చాలా కాలంగా అలవాటైంది.

మా నాయనమ్మ చదువు రానిది. ఆమెకు బాప్తిస్మం ఇచ్చిన రోజున బిషప్ గారు వచ్చారని, బాప్తిస్మం పొందినవారందరినీ తమ తల మీద తామే చెయ్యి పెట్టుకొమ్మన్నారని, నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవురాలిని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ (అంటే కీడు) అని చెప్పించారని, ఆ సంగతి చెప్పేటప్పుడల్లా ఆమె తన నెరిసిన తల మీద చెయ్యి పెట్టి చూపించేది. అజరయ్య గారు ఆ అలవాటును తన డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతం) అంతటా పాటించారన్నది చరిత్రకారులు కూడా రాసిన విషయం. కూలికి వెళ్లే ఆడమనిషి తల మీద ఆమె చేతినే పెట్టించి పరిచర్యను అప్పగించిన నాయకుడు, తన తల మీద ఎవరెవరు చేతులు ఉంచారో చెప్పుకుంటూ తిరగడు. పల్లెల్లో వాక్యం బోధించే ఉపదేశులను, వారితోపాటు వారి భార్యలను కూడా కూర్చోబెట్టి నేర్పించే పని ఆయన కాలంలో దోర్నకల్‌లో సాగింది. మా నాన్న అటువంటి శిక్షణ పొందిన వారి చేతి కింద శిక్షణ పొంది ఉపదేశి అయ్యాడు. ఇప్పుడు మనం గొప్పగా ఫొటోలు దిగే దోర్నకల్ కతీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది, అంటే ఆయన బిషప్ అయిన 26 ఏళ్లకు. మనుషుల నిర్మాణం ముందు జరిగింది, కట్టడం వెనుక వచ్చింది. ఈ రోజుల్లో సంఘం పుట్టిన ఏడాదికే మందిర నిర్మాణ కానుకల రసీదు పుస్తకం అచ్చవుతున్నది.

పట్టా చేతికి రాని ఆ విద్యార్థికి 1920లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. మా ఊళ్లో ఆయనను తలచుకునేవారు ఎవరూ డాక్టర్ అజరయ్య అనరు, అజరయ్య అయ్యగారు అంటారు. హైదరాబాదు హెబ్రోను సంఘం పునాది వేసిన భక్త్ సింగ్ గారి విషయం కూడా ఇటువంటిదే. పంజాబులో పుట్టి, కెనడాలో బాప్తిస్మం పొంది, తిరిగి వచ్చి దేశమంతటా సంఘాలు కట్టిన ఆ మనిషిని 2000 సంవత్సరంలో కన్నుమూసేవరకు, ఆ తరువాత కూడా, జనం బ్రదర్ భక్త్ సింగ్ అనే పిలిచారు. వేలమంది కూర్చుని ఒకే పంక్తిలో ప్రేమ విందు తినే ఆ కూటాలను చిన్నప్పుడు చూసినవారు నా వయసు వారిలో ఇంకా ఉన్నారు. ఈయనతో సిద్ధాంత విషయాల్లో మా సంఘం వారికి భేదాలు ఉన్నాయి, నాకూ కొన్ని ఉన్నాయి. బిరుదుల విషయంలో మాత్రం ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఉంది.

సిద్ధపాటుకు సమయం ఇవ్వడం అంటే ఏమిటో ఒంగోలు చరిత్రలో ఇంకో విధంగా కనబడుతుంది. 1876-78 నాటి పెద్ద కరువులో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే గుత్త తీసుకుని వేల మందికి కూలి కల్పించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవారు లెక్కలేనంతమంది. అన్నం కోసం వచ్చినవాడికీ దేవుని కోసం వచ్చినవాడికీ తేడా తెలియదని, కరువు సహాయం సాగినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపివేశారు. ఇవ్వడం సులువు, ఇచ్చి ఉంటే అమెరికాకు పంపే నివేదిక ఎంతో ఘనంగా ఉండేది. కరువు తీరాక, పల్లె బోధకులు తమ ఊళ్లవారిని ఒక్కొక్కరినీ ఎరిగి సాక్ష్యం చెప్పిన తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనవాళ్లు పండుగ ప్రసంగాల్లో పదేపదే చెబుతారు. నీళ్లలోకి దిగినవారు ఆరుగురు తెలుగు బోధకులనీ, ఇద్దరు అలసితే ఇద్దరు దిగుతూ ఆ రోజంతా వారే బాప్తిస్మం ఇచ్చారనీ, క్లౌ గారు ఒడ్డునే ఉండిపోయారనీ చెప్పేవారు తక్కువ. తన పేరు మీద చరిత్రకెక్కే రోజున తాను ఒడ్డున నిలబడగలగడానికి ఆయనకు ఎన్నేళ్లు పట్టిందో అని నేను అనుకుంటుంటాను.

ఇంత చెప్పిన నేను కమిటీలో కూర్చుని ఏమి చేశానో కూడా చెప్పాలి. కొన్నేళ్ల కిందట మా పక్క ఊళ్లో మొదలైన ఒక ప్రార్థన కూటానికి కాపరిని చూడవలసి వచ్చి, అయిదుగురం కూర్చున్నాం. వచ్చిన యువకుడికి ఇరవై నాలుగేళ్లు. బాప్తిస్మం పొంది రెండేళ్లు కాలేదు. గొంతు బాగుంది, కీబోర్డు వాయించగలడు, యూట్యూబులో అతని పాటలను చూసేవారు చాలామంది ఉన్నారు. ఎవరి దగ్గర నేర్చుకున్నావు, ఎవరు నిన్ను మందలిస్తే వింటావు అని మాలో ఒక్కరమైనా అడగలేదు. నేను అడిగింది ఒక్కటే, ప్రసంగంలో తెలుగు ఉచ్చారణ బాగుండాలి అని. రెండేళ్లు గడవకముందే ఎవరు ఏమి చెప్పినా తనను అణచడానికే చెబుతున్నారని అతనికి అనిపించడం మొదలైంది. కూటం రెండుగా చీలింది. చివరికి అతనితో వెళ్లినవారు కూడా అతన్ని వదిలారు. పోయిన వేసవిలో ఖమ్మం బస్టాండులో కనబడ్డాడు, ఆటో నడుపుకుంటున్నాడు. టీ తాగుదాం రండి సార్ అని తీసుకెళ్లి, మీరంతా నన్ను పాడమని పిలిచారు సార్, నేర్పిస్తామని ఎవరూ పిలవలేదు అన్నాడు. నిష్ఠూరంగా అన్న మాట కాదు. టీ డబ్బులు కూడా అతనే ఇచ్చాడు.

దీనికి భిన్నమైన మనిషిని చిన్నప్పుడు చూశాను గనుకనే ఆ మాట నన్ను ఎక్కువగా బాధించింది. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా ఊరికి నెలకొకసారి ప్రభు భోజనం ఇవ్వడానికి ఒక ప్రెస్బిటరు (అభిషేకం పొందిన పాస్టరు) గారు సైకిల్ మీద వచ్చేవారు. శనివారం పొద్దుగూకే వేళకు మా ఇంటికి చేరి, కాళ్లు కడుక్కుని, మా నాన్నను కూర్చోబెట్టుకుని ఎవరికి జబ్బుగా ఉంది, ఎవరింట్లో గొడవ జరిగింది, ఎవరు గుడికి రావడం మానుకున్నారు అని అడిగేవారు. అన్నం తిన్నాక నా చేత లాంతరు పట్టించుకుని గుడికి వెళ్లి, తలుపు దగ్గర నన్ను పంపివేసి, ఒక్కరే లోపల ఉండిపోయేవారు. ఎంతసేపు ఉండేవారో నాకు తెలియదు, నేను ఎప్పుడూ ముందే నిద్రపోయేవాణ్ణి. ఒక నెల ఆయన ఆరాధన మధ్యలో, పసిబిడ్డను ఏడిపిస్తున్నదని ఒక కూలి తల్లిని అందరి ముందు గట్టిగా కసిరారు. మరుసటి నెల వచ్చినప్పుడు మా ఇంటికి రాకుండా సైకిల్ నేరుగా ఆమె గుడిసె ముందు ఆపి, గడప బయటనే నిలబడి, అమ్మా ఆ రోజు నేను తప్పు మాట్లాడాను, నన్ను క్షమించు, నువ్వు క్షమించకపోతే రేపు రొట్టె విరిచే అర్హత నాకు లేదు అన్నారు. ఆమెకు ఏమి చెప్పాలో తెలియక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అయ్యగారు ఇలా మెట్టు దిగితే సంఘంలో భయం ఉండదని మా ఊరి పెద్దలలో ఒకరు సణిగారు కూడా. ఆ పెద్దల కుర్చీలో ఇప్పుడు నేను కూర్చున్నాను.

సంఘంలో భయం ఉండాలనే ఆ ఆలోచన ఈనాడు వాక్యం ముసుగు వేసుకుంది. పాస్టరు గారి లెక్కలు అడిగినా, ప్రవర్తన గురించి ప్రశ్నించినా, నేను అభిషేకించినవారిని ముట్టవద్దు అన్న కీర్తన వచనాన్ని ముందుకు తెస్తారు. 105వ కీర్తనలో ఆ మాట ఎవరి గురించి ఉందో దాని పైవచనాలు చదివితే తెలుస్తుంది. లెక్కకు కొద్దిమందిగా, పరాయి దేశంలో పరదేశులుగా, ఒక జనం దగ్గర నుంచి ఇంకొక జనం దగ్గరికి తిరుగుతున్న అబ్రాహాము ఇస్సాకుల వంటి వారికి కీడు చేయవద్దని దేవుడు రాజులను గద్దించిన సందర్భం అది. ఇల్లూ వాకిలీ లేనివారికి రాజుల నుంచి రక్షణగా పలికిన మాటను, కుర్చీలో కూర్చున్నవారికి సామాన్య విశ్వాసుల నుంచి రక్షణగా తిప్పి చదువుతున్నాం. యోహాను మూడవ పత్రికలో సంఘంలో ప్రధానత్వం కోరిన దియొత్రెఫే అనే ఒకాయన ఉన్నాడు. సహోదరులను చేర్చుకోనివ్వడు, చేర్చుకోబోయినవారిని వెలివేస్తాడు. అతని గురించి నేను ఇంతవరకు ఒక్క ప్రసంగమూ వినలేదు. పేతురు మాత్రం తన మొదటి పత్రికలో పెద్దలకు రాస్తూ తనను తాను తోటిపెద్ద అని చెప్పుకున్నాడు.

పెద్ద సంఘాల్లో ఈ జబ్బు ఎన్నికల రూపంలో కనబడుతుంది. దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.లో) బిషప్‌ను ఎన్నుకునేటప్పుడు డయాసిస్ కౌన్సిల్ ఓట్లు వేసి కొన్ని పేర్ల ప్యానెల్‌ను పంపితే, సినడ్ (మొత్తం సంఘానికి పై సభ) అందులోంచి ఒకరిని ఎంపిక చేస్తుంది. పద్ధతిగా చూస్తే ఇది మంచిదే. కిందివారి మాటకూ పైవారి వివేచనకూ రెండింటికీ చోటు ఉంది. ఆచరణలో కౌన్సిల్ ఓట్ల కాలం రాగానే వాహనాలు తిరుగుతాయి, మాల మాదిగ లెక్కలు వేస్తారు, ఏ పాస్టరేటును (ఒక పాస్టరు కింద ఉండే సంఘాలను) ఎవరికి ఇస్తామో ముందే మాట్లాడుకుంటారు, ఓడినవారు కోర్టు మెట్లు ఎక్కుతారు. సర్పంచి ఎన్నికలు చూసిన మా ఊరివారికి ఇందులో కొత్త ఏమీ కనబడదు, అదే బాధ. ప్రభువు రాత్రి భోజనం బల్ల దగ్గర, రొట్టె విరిచిన ఆ పూటనే, తమలో గొప్పవాడు ఎవడని శిష్యులు వాదించుకున్నారని లూకా రాశాడు. ఆ పూటనే యేసు ప్రభువు నడుముకు తువాలు కట్టుకుని పళ్లెంలో నీళ్లు పోసి వారి పాదాలు కడిగాడని యోహాను రాశాడు. ఎలీషా పని అది, గురువే చేశాడు. పరిశుద్ధ గురువారం రోజున పాదాలు కడిగే ఆచారం ఉన్న సంఘాల్లో ఇప్పుడు పళ్లెం కంటే ముందు కెమెరా వచ్చి కూర్చుంటున్నదని విన్నాను.

ఈ మాటలన్నీ పల్లె పాస్టరు మీద రాళ్లుగా పడకూడదు. మా చుట్టుపక్కల పది ఇళ్ల సంఘాలను నడిపే పాస్టర్లలో చాలామందికి జీతం లేదు. కానుకల సంచిలో వచ్చిన చిల్లరతో బియ్యం కొని, వారమంతా కూలికి వెళ్లి, శనివారం రాత్రి ప్రసంగం సిద్ధం చేసుకుంటారు. వారికి వినయం గురించి ఎవరూ చెప్పనక్కరలేదు, వారికి కావలసింది సంఘం చెల్లించే జీతం. వారి ఇంట్లో ఉండే పాస్టరమ్మ గారి సంగతి సరేసరి. రోగుల ఇళ్లకు తిరిగేది ఆమె, స్త్రీల కూటం నడిపేది ఆమె, అయ్యగారు కసిరి పంపినవారిని సముదాయించి తిరిగి తెచ్చేదీ ఆమే. నంద్యాల డయాసిస్‌లో ఇ. పుష్పలలిత గారు 2013 సెప్టెంబరు 30న దక్షిణ ఇండియా సంఘపు మొదటి మహిళా బిషప్‌గా ప్రతిష్ఠ పొందినప్పుడు, ఆమె వెనుక దాదాపు మూడు దశాబ్దాల పరిచర్య ఉంది. అన్నేళ్లు పనిచేయకుండా ఒక స్త్రీని ఆ పీఠం మీద కూర్చోనిచ్చేవారా అంటే, కూర్చోనిచ్చేవారు కాదు. పురుషులకు కూడా అదే కొలత పెట్టమని అడగడం అన్యాయం అనుకోను.

సంపాదకులు గారూ, వచ్చే నెలలో మా పాస్టరేట్ కమిటీ మళ్లీ కూర్చోబోతున్నది. మూడు పల్లెల ప్రార్థన కూటాలకు కలిపి ఒక పరిచారకుణ్ణి చూడాలి. నేను ఈసారి రెండు విషయాలు రాతపూర్వకంగా ముందు పెట్టదలచాను. వచ్చినవారు మొదటి ఏడాది మైకు ముందు నిలబడకుండా, మా దగ్గరలోనే ఉన్న ఒక ముసలి ఉపదేశి గారి వెంట ఇళ్లు తిరగాలి, సమాధి కార్యక్రమాల్లో కుర్చీలు వేయాలి, గుడి ఊడవాలి. ఆ ఏడాది జీతం మాత్రం మేము పూర్తిగా ఇవ్వాలి. ఇక దరఖాస్తులో చదువు, అనుభవం అన్న గడుల పక్కన, ఎవరి చేతుల మీద నీళ్లు పోశారు అన్న గడి ఒకటి ఉండాలి. కమిటీలో ఇద్దరు ఇప్పటికే నవ్వారు. ఇంకొకాయన, అటువంటి షరతులు పెడితే ఎవరూ రారు మాస్టారూ అన్నారు. రాకపోవచ్చు. ఆ ఖమ్మం అబ్బాయికి ఫోన్ చేసి, వస్తావా అని అడిగాను, ఆలోచించుకుని చెబుతానన్నాడు.

మీ పత్రికను కూడా ఒక మాట అడగాలని ఉంది. క్రైస్తవ సభల వార్తలు అచ్చువేసేటప్పుడు వక్త పేరు, ఊరు, ఏ సంఘం వారో మాత్రం రాసి, మిగిలిన బిరుదులను మీ ఉపసంపాదకులు కత్తిరించగలిగితే మీకు స్థలమూ మిగులుతుంది. ప్రకటన డబ్బులిచ్చి వేయించుకునే వాటి విషయంలో మీ ఇబ్బంది నాకు అర్థమవుతుంది గనుక దాని గురించి ఏమీ అడగను. లేఖ నిడివి ఎక్కువైనందుకు మన్నించండి, అవసరమైతే నా సొంత సంగతులను తగ్గించి, ఒంగోలు, దోర్నకల్ సంగతులను ఉంచండి.

ఇట్లు,
ఒక సంఘ పెద్ద, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
మహబూబాబాద్ జిల్లా.